మా వదిన ఏ మందూ తయారు చేయలేదు

మా వదిన రుక్మాబాయి మరణవార్త నాకు బడిలో, తరగతి నడుస్తుండగా అందింది. చందూర్ నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మా ఊరి మనిషి వరండాలో నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే విషయం తెలిసిపోయింది. "పంతులూ, రుక్మవ్వ పోయింది. తెల్లారంగ పానం ఇడిసింది," అన్నాడు. రానున్నదని తెలిసిన వార్తే. ఆశ వదులుకోమని హైదరాబాదు వైద్యులు మాతో చెప్పి కొద్ది వారాలే అయింది. అయినా పిల్లలకు చెబుతున్న పద్యం తాత్పర్యం సగంలో ఆగిపోయింది. ఆ సగం ఏమిటో ఇప్పటికీ గుర్తు రాదు.

శోకం కన్నా ముందు నాకు కలిగినది ఆగ్రహం. దివంగతులను గురించి సౌమ్యంగా, శాంతంగా రాయాలన్న మర్యాద నాకు తెలియనిది కాదు. తెలుగు పండితుడిగా పిల్లలకు దానిని బోధించేవాడినే. కానీ శాంతవచనాలతో ఆమె కథ చెబితే అది అసత్యమవుతుంది. ఆమె వ్యాధితో మరణించింది, నిజమే. అయితే ఆ వ్యాధి ఒక చలికాలమంతా ఆమె ముఖం మీద అందరికీ కనిపించింది. ఇంటివారు చూశారు, ఊరివారు చూశారు. చూసి, ఎవరికి తోచిన కారణం వారు చెప్పుకొని తమ పనుల్లోకి పోయారు.

రుక్మాబాయి మా పెద్దన్న నర్సయ్య సహధర్మచారిణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరం బోధన్ నుంచి కోడలిగా మా ఇంటికి వచ్చింది. మాది చందూర్‌లో వరి, చెరకు పండించే వ్యవసాయ కుటుంబం. ఆనాటికి నేను ఇంకా హైస్కూలులో చదువుతున్నాను. వదిన పొడవైన మనిషి, నడకలో తొందర, మాటలో కరుకు, నవ్వు బహు అరుదు. కొత్త కోడలు తల వంచుకొని తిరుగుతుందని ఎదురుచూసినవారికి ఆమె ధోరణి నచ్చలేదు. ఎదుటివారి కళ్లలోకి సూటిగా చూసేది. అది పొగరని అనుకున్నారు. నిజానికి ఆమె చూసేది కళ్లనే. రెప్ప వాచిందా, తెల్లగుడ్డు ఎర్రబడిందా, పుసి కట్టిందా అని చూసేది.

ఆ చూపు వెనుక ఒక దుఃఖం ఉన్నది. ఆమె చిన్నతనంలో తల్లికి ఒక కన్ను ఎర్రబడి వాచింది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు దయతోనే ఏదో ఆకు దంచి, రసం తీసి, కంట్లో పిండారు. కన్ను తెల్లబడి చూపు పోయింది. వాళ్ల ఇంటి గోడకు ఆనుకొని ఒక హకీం గారి ఇల్లు ఉండేది. హకీం గారి భార్యను మా వదిన ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేది. ఆ ఖాలా జరిగినది చూసి, ఈ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని, "బేటీ, కంట్ల శుద్ధమైన నీళ్లు తప్ప ఇంకేం పడనియ్యకు. ఎవ్వరు చెప్పినా ఇనకు," అన్నదట. మా వదిన నాతో ఆ మాట ఎన్నోసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె దవడ బిగుసుకొనేది. తల్లిని గుడ్డిదాన్ని చేసినవారెవరూ దుర్మార్గులు కారు. అందుకే ఆమె కోపానికి ఎక్కడ దిగాలో చోటు దొరకలేదు. అది జన్మంతా ఆమె వెంటే ఉండిపోయింది.

మా పొలంలో బెల్లం వండే గానుగ ఉండేది. చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తూ, ఉడికే పెనం పక్కన పనిచేసేవారికి పొగతో కళ్లు ఉబ్బిపోయేవి. ఆమె కాపురానికి వచ్చిన మొదటి సంవత్సరమే అక్కడికి సద్ది తీసుకొనిపోయి, మనుషుల ముఖాలు చూసి, గంప దించకుండానే మా అన్నను అడిగింది.

"ఈళ్ల కండ్లు సూసినవా?"

"పొగకు ఉబ్బినయ్. ఏటేటా గంతే," అన్నాడు మా అన్న.

"ఏటేటా గంతే అయితే మంచిదైందా?"

మరునాడు పెనానికి దూరంగా, గాలి వచ్చేవైపు, మూత వేసిన నీళ్ల కుండ వెలిసింది. ఎవరి గుడ్డ వారికి, ఉడకబెట్టి ఎండలో ఆరవేసిన పాత ధోవతి పేలికలు. పొగలోంచి బయటికి వచ్చి, ముందు చేతులు కడుక్కొని, తర్వాత ముఖం కడుక్కొని, కళ్లు మూసుకొని, తడిగుడ్డ రెప్పల మీద వేసుకొని కాసేపు కూర్చోవాలి. నలపకూడదు. ఒకరి గుడ్డ మరొకరు ముట్టకూడదు. ముట్టినవాడిని అందరి ముందూ తిట్టేది. పొగగొట్టం ఎత్తు పెంచేదాకా మా అన్నను కూడా వదలలేదు. ఆ కాలం ముగిసేసరికి గానుగ దగ్గర ఎర్రకళ్ల మనుషులు తగ్గారు. మా అన్న ఆ సంగతి పదిమందికి గర్వంగా చెప్పుకొనేవాడు. ఆమెకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇక ఇంటికి వచ్చి అడిగేవారికి ఆమె చెప్పే ఉపచారాలు అతి సామాన్యమైనవి. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు ఉన్నదని ఎవరైనా వస్తే, "రాత్రి ఏం తిన్నవ్?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. "తొక్కు, అప్పడాలు తిని, ఉప్పు కడుపు నిండ ఏసుకొని పండుకుంటివి. కండ్లు ఉబ్బక ఏమైతయ్?" అనేది. ఉప్పు తగ్గించు, నిద్ర సరిగా పో, తల కింద దుప్పటి మడిచి కొంచెం ఎత్తు పెట్టుకో, లేచాక చల్లని తడిగుడ్డ వేసుకో. అంతే. కీరదోస ముక్కలు కళ్ల మీద పెట్టుకోవచ్చునా అని మా మేనకోడలు అడిగితే, "పెట్టుకో, సల్లగ ఉంటది. కీరల మందేం లేదు. సల్లదనమే మందు. పెట్టుకునేటప్పుడు కడుగు," అన్నది. సందెవేళ చూపు ఆనడం లేదన్న పిల్లల తల్లులకు మునగాకు, తోటకూర, బొప్పాయి పెట్టమని చెప్పి, అప్పటికీ దవాఖానలో ఒకసారి చూపించమనేది. పెరట్లో కాసిన బొప్పాయి కాయ మా ఇంట్లో పండు కావడం నేను చూడలేదు. ఎవరో ఒకరి పిల్ల చంకన ఎక్కి పోయేది.

అయితే ఆమె మాటకు రెండో సగం ఒకటి ఉండేది. ఈ వ్యాసం చదివేవారు దానిని దాటి పోవద్దని వేడుకుంటున్నాను. ప్రతివారికీ చివర ఆమె ఇలా చెప్పేది: "తగ్గకపోతే, నొప్పి లేస్తే, సూపు మసకబారితే, ఒక్క కన్నే ఉబ్బి జరం వస్తే, కండ్లతోని కాళ్లు గూడ ఉబ్బితే, నా దగ్గరికి రాకు. గుడ్డ ఏసుకుంట కూసోకు. దవాఖానకు పో." మొదటి సగం అందరికీ కంఠస్థమైంది. రెండో సగం వినేటప్పటికి జనం లేచి చెప్పులు తొడుక్కునేవారు.

ఒక కోతల కాలం నాటి సంగతి. సాయవ్వ అనే కూలీ మనిషికి వరి కంకి కంట్లో గుచ్చుకున్నది. మధ్యాహ్నానికి రెప్ప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. ఆమెను మా వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టి, ఆడవాళ్లు ఆకు దంచడం మొదలుపెట్టారు. మా వదిన రోలు దగ్గరికి పోయి పొత్రం చేతిలోకి తీసుకొని నిలబడింది. మా అమ్మకు కోపం వచ్చింది.

"తాతలనాటి సంది పోస్తున్నం. నువ్వు ఒచ్చినంక కొత్తగ చెప్తున్నవా?" అన్నది.

"మా అమ్మకు గూడ పోసిండ్రు, అత్తమ్మా. నా పెండ్లిల గా కన్ను నువ్వు సూసినవ్ గద," అన్నది వదిన.

వదిన సాయవ్వ చేతులు పట్టుకొని, కన్ను నలపకుండా, ఏమీ అంటకుండా చూసుకుంటూ అప్పటికప్పుడు బస్సులో నిజామాబాద్ దవాఖానకు తీసుకొని పోయింది. సాయవ్వ కన్ను దక్కింది. చిన్న మచ్చ మిగిలింది గాని ఈనాటికీ ఆమె మా పొలంలో నాట్లు వేస్తుంది. తిరిగి వచ్చిన రోజు ఆడవాళ్లు మా వదిన కాళ్లకు మొక్కడానికి వచ్చారు. నీ చేతిలో దేవత ఉన్నదన్నారు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకొని కసిరింది. "నా చేతుల ఏం లేదు. నేనేం పొయ్యలే, ఎవ్వరిని పొయ్యనియ్యలే. నేను చేసింది గదే. డాక్టరు బాగు చేసిండు, పోయి ఆయనకు మొక్కుండ్రి," అన్నది. జనానికి ఆ మాట రుచించలేదు. వాళ్లకు దేవతే కావాలి.

అటువంటి మనిషికి, పోయిన చలికాలం మొదట్లో, పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బడం మొదలైంది.

మా వదినకు సంతానం లేదు. ఈ సంగతి ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది. ఎందుకంటే ఆమె ఉబ్బిన కళ్లకు మా ఊరు దీనినే కారణంగా నిర్ణయించింది. "పిల్లలు లేని మనిషి, ఒక్కతే పండుకొని ఏడుస్తది పాపం," అని బావి దగ్గర చెప్పుకున్నారు. ఆమె ఏడ్చే మనిషి కాదు. ఇరవై ఏండ్లకు దగ్గరగా ఒకే ఇంటికి చెందినవాడిని, ఆమె కంటతడి నేను చూడలేదు. ఎందరి కళ్లో చూసిన ఆమెను ఒక్కరైనా దగ్గరికి పోయి, రెప్ప ఎత్తి, "కాళ్లు గూడ ఉబ్బినయా?" అని అడగలేదు. ఆమె నోట వందసార్లు విన్న ప్రశ్న అది. సొంతంగా ఆలోచించనవసరం లేదు. తిరిగి ఆమెకు అప్పజెప్పితే చాలు.

ఆమె తనంతట తాను నిజామాబాద్ పోయి చూపించుకున్నది. అక్కడి డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, మూత్రపిండాలు చెడుతున్నాయని, ఆలస్యం చేయకుండా హైదరాబాదు పెద్ద దవాఖానలో చేరమని చెప్పాడు. ఉన్న సంగతి ఉన్నట్లు ఆమె మా అన్నతో చెప్పింది. మా అన్న అన్న మాట నాకు వదినే తర్వాత వినిపించింది.

"గానుగ మొదలైంది. చెరుకు కొట్టి పెట్టిన్రు. ఇప్పుడు ఇడిసిపెట్టి ఎట్ల పోతం? నువ్వే చెప్తవు గద ఊరందరికి. ఉప్పు తగ్గియ్, సల్ల గుడ్డ ఏసుకో. పండుగ దాటినంక పోదం."

ఆమె ఇతరుల మేలు కోసం చెప్పిన మాటను తీసుకొని ఆమె నోరే మూయించారు. మా అమ్మ, ఆమె ప్రేమగల మనిషే, రోజూ కీరదోస ముక్కలు కోసి పళ్లెంలో తెచ్చి పెట్టేదట. "కండ్ల మీద పెట్టుకో బిడ్డా, తగ్గుతది," అనేదట. వదిన ఆ పళ్లెం పక్కకు జరిపి, "అత్తమ్మా, ఇది కండ్ల బీమారి కాదు," అని ఎన్ని మార్లు చెప్పినా, పళ్లెం రావడం మానలేదు.

నాకు బడి సెలవులు వచ్చాక ఊరికి పోయాను. వదిన గడపలో కూర్చొని బియ్యం చెరుగుతున్నది. తల ఎత్తి చూసినప్పుడు నేను గుర్తుపట్టలేదు. ముఖమంతా పాలిపోయి, ఉబ్బి, కళ్లు సన్నని గీతలైనాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. జరిగినదంతా అప్పుడు చెప్పింది. చెప్పి, "శంకరయ్యా, నేను చెప్పేది అందరు సగమే ఇంటరు. మీ అన్న గూడ సగమే ఇన్నడు," అన్నది. ఫిర్యాదు చేసే గొంతు కాదు. తిట్టే గొంతూ కాదు. ఆమె గొంతులో కోపం లేకపోవడం నేను వినడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

నేను గానుగ దగ్గరికి పోయాను. మా అన్న పెనం పక్కన నిలబడి పాకం చూస్తున్నాడు. జన్మలో ఎన్నడూ మా అన్నకు ఎదురు చెప్పినవాడిని కాను. ఆ రోజు కూలీలందరి ముందూ అడిగాను. "వదిన మొఖం సూసినవా అన్నా?"

"పండుగ దాటనియ్‌రా," అన్నాడు.

"నేను తీస్కపోతున్న. నువ్వు బెల్లం వండుకో," అన్నాను.

మరునాడే ఆమెను హైదరాబాదు తీసుకొనిపోయాను. మా అన్న బస్సు దాకా వచ్చి, ఎక్కకుండా నిలబడ్డాడు. పెద్ద దవాఖానలో డాక్టరు ఆమెను పరీక్ష చేసి, నన్ను బయటికి పిలిచి, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని అడిగాడు. మూత్రపిండాలు దాదాపు పని మానేశాయని, ముందే తెస్తే కొంతకాలం నిలుపగలిగేవారమని చెప్పాడు. చెరుకు కొడుతున్నామని ఎట్లా చెప్పేది? ఆ వార్డులో ఉన్న దినాలలో కూడా ఆమె పక్క మంచం పిల్ల తల్లిని, కొంగుతో పిల్ల కండ్లు తుడుస్తున్నదని, తిట్టడం నేను విన్నాను. "గా కొంగుతోనే ముక్కు తుడిచి, గా కొంగుతోనే కండ్లు తుడుస్తవా? శుభ్రమైన గుడ్డ తీసుకో," అంటున్నది. లేచి కూర్చొనే శక్తి లేదు. పడుకొనే తిట్టింది.

ఇంటికి తెచ్చుకున్నాం. కొద్ది వారాలకు పోయింది.

దినాలనాడు బంధువులు, ఊరివారు చాలామంది వచ్చారు. రుక్మవ్వ ఎందరి కళ్లు కాపాడిందో ఒక్కొక్కరు చెప్పుకొని కన్నీరు కార్చారు. చలికాలమంతా ఆమె ఏడుపు గురించి మాట్లాడుకున్న నోళ్లే అవి. నేను ఒక మూల కూర్చొని వింటూ పళ్లు కొరుక్కున్నాను. భోజనాలైన తర్వాత మా చిన్నాయన కొడుకు మల్లేశం, బోధన్‌లో కిరాణా దుకాణం ఉన్నవాడు, సంచిలోంచి ఒక చిన్న సీసా తీసి మా అన్న చేతిలో పెట్టాడు. పచ్చని ద్రవం. మీద అంటించిన కాగితం మీద 'రుక్మవ్వ చల్లని చుక్కలు' అని ఉన్నది.

"వదిన పేరు నిలవాలె గదా అన్నా," అన్నాడు మల్లేశం. "కంట్ల రెండు సుక్కలు ఏసుకుంటే ఉబ్బు, ఎరుపు అన్నీ పోతయ్. జనం అడుగుతున్నరు."

"ఏమున్నది ఇందుల?" అని నేను అడిగాను.

"ఆకు రసమే పంతులూ. పాత మందే."

నేను పొరపాటుగా వినలేదు. ఆకురసం. ఆమె తల్లి కన్ను తీసిన వస్తువును, సాయవ్వ కంట్లో పడకుండా పొత్రం పట్టుకొని ఆమె అడ్డుకున్న వస్తువును, ఆమె పేరు పెట్టి సీసాలో నింపి తెచ్చాడు. అది కూడా ఆమె దినాల నాడు. నేను అన్న మాటలు ఇక్కడ అచ్చువేయదగినవి కావు. మల్లేశం సంచి తీసుకొని వెళ్లిపోయాడు. మా అన్న మాత్రం ఆ సీసాను చేతిలోనే పట్టుకొని, దాని మీది పేరును చూస్తూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు సీసా కన్నా ఎక్కువ మంట పుట్టించింది.

తర్వాతి అంగడి దినం పని మీద నేను బోధన్ పోయాను. మల్లేశం దుకాణం ముందు నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. చూస్తే అరుగు పక్కన గోనెసంచి పరుచుకొని మా అన్న కూర్చొని ఉన్నాడు. చెరుకు ఇంకా పొలంలో మిగిలే ఉన్నదని నాకు తెలుసు. సీసా కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే చెబుతున్నాడు. "నేను రుక్మవ్వ మొగన్ని. ఆమె ఏ మందూ చెయ్యలే. గిది కంట్ల ఏసుకోకుండ్రి."

"నా గిరాకి ఖరాబ్ చేస్తున్నవ్ అన్నా. లెవ్," అని లోపలి నుంచి మల్లేశం అరుస్తున్నాడు. మా అన్న అటు తిరిగి కూడా చూడలేదు.

వర్ని ఊరి వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు స్త్రీ అక్కడే నిలబడిపోయింది. "మరి కండ్లు ఉబ్బితే ఏం చెయ్యాలె పటేలా? నాకు నెల సంది గిట్లనే ఉంటున్నయ్," అన్నది.

మా అన్న ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చూపు కిందికి దించాడు. "కాళ్లు సూపియ్ అక్కా," అన్నాడు.

ఆమె చీర అంచు కొంచెం పైకి పట్టింది. వెండి కడియాలు మాంసంలోకి దిగబడి ఉన్నాయి.

మా అన్న గోనెసంచి మీది నుంచి లేచాడు. "నిజామాబాద్ బస్సు గా మూల కాడ ఆగుతది. ఇయ్యాలనే పోవాలె. ఇంటికి పోయి చెప్పొస్త అనకు. కోతలున్నయ్ అనకు. పండుగ దాటనియ్ అనకు," అన్నాడు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అయినా భయపడి వెంట నడిచింది. మా అన్న ఆమె చేతిసంచి తాను పట్టుకొని బస్సు ఎక్కించి, తనూ ఎక్కాడు. నేను అక్కడ ఉన్నట్లు అతడు చూడలేదు. నేను పిలవలేదు.

మా అన్నను నేను క్షమించానా అని ఇంట్లో అడుగుతున్నారు. లేదు. క్షమించవలసిన మనిషి నేను కాదు, ఆమె; ఆమె ఇక లేదు. ఊరిని క్షమించలేదు. మల్లేశం ఆ సీసాలు ఇప్పుడు వేరే పేరుతో అమ్ముతున్నాడని విన్నాను. ఎవరైనా కొని ఉంటే పారబోయండి.

చందూర్‌లో మా ఇంటి ముందు ఇప్పటికీ మనుషులు వచ్చి నిలబడుతున్నారు. పోయిందని తెలియక కొందరు, తెలిసీ కొందరు. మా అమ్మ బయటికి వచ్చి, ఏం చెప్పాలో తోచక, లోపలికి రమ్మని పిలిచి మంచినీళ్లు ఇచ్చి పంపుతున్నది. ఎదుటి మనిషిని తిట్టి, ఆ మనిషి వెంట తానూ బస్సెక్కి దవాఖాన దాకా పోయే ఆడమనిషి మా తాలూకాలో మరొకతె నాకు తెలియదు. ఆ స్థానం ఖాళీగానే ఉన్నది. వదినా, ఈ కోపంతోనే నీకు నమస్కరిస్తున్నాను. చల్లబడిన తర్వాత రాద్దామని ఎన్నాళ్లో ఆగి చూశాను. చల్లబడలేదు.